తుపాకీ గొట్టమూ ఆయుధమే!

మహదేవపుర: అమెరికాలో ఉంటున్న మనోళ్లకు ఇదో ఆదివారం పని. గ్యారేజీలో టార్గెట్ రైఫిల్ బిగించి, పాత బ్యారెల్ ఊడదీసి కొత్తది ఎక్కించేస్తారు. అక్కడి కేంద్ర చట్టం లెక్కలో రిసీవరే తుపాకీ.. బ్యారెల్ వట్టి విడిభాగం. ఆ వీడియోలు చూసి ఇక్కడి ఐటీ కారిడార్‌లోని షూటింగ్ ప్రియులు ‘మనమూ ఫ్లాట్‌లోనే మార్చేసుకుంటే పోలా’ అనుకుంటే చిక్కుల్లో పడ్డట్టే.

మన 1959 ఆయుధ చట్టం విడిభాగాలనూ తుపాకీ కిందే జమకడుతుంది. రైఫిల్‌కు లైసెన్సు ఉంది కదా అంటే కుదరదు. అది దగ్గర పెట్టుకోవడానికే. మరమ్మతుకు, మార్పుచేర్పులకు వేరే లైసెన్సు కావాలి. 2019 సవరణ తర్వాత అనుమతి లేని తయారీ, మరమ్మతులకు శిక్ష కనీసం 7 ఏళ్లు, గరిష్ఠం యావజ్జీవం. సెలవులకొచ్చే బావగారి సూట్‌కేసులో తెప్పించుకుందామన్నా దిగుమతి లైసెన్సు తప్పదు.

చట్టం సరే, ప్రాణం మాటేమిటి? తూటా అడుగు బోల్టుకు సరిగ్గా ఆనేలా బ్యారెల్ కూర్చోవాలి. ఆ కొలత తప్పితే తూటా తొడుగు పగిలి, వేడి వాయువు ముఖంమీదికి తన్నొచ్చు. గేజీలతో సరిచూసే ఆ పని లైసెన్సున్న తుపాకీ రిపేరుదారుదే.

అసలు .22 రైఫిల్ బ్యారెల్ అంత తొందరగా అరిగేది కాదు. గురి తప్పుతోందంటే ముందు లోపలి సీసం మడ్డి తుడవాలి, స్కోపు మరలు చూడాలి, తూటాల రకం మార్చి చూడాలి. ఖర్చూ తక్కువే!

లైసెన్సు గొడవే వద్దనుకుంటే ఎయిర్ రైఫిల్ ఉండనే ఉంది. 2016 నిబంధనల ప్రకారం .177 బోరు, 20 జౌల్స్ దాటనివాటికి లైసెన్సు అక్కర్లేదు. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం కొట్టింది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లోనే.