ఒకే పాట, ఎన్నో గొంతులు: అమెరికా పాత ప్రేమగీతాలు



ఇంగ్లీషు పాట అనగానే మనలో చాలామందికి రెండు అభిప్రాయాలు ఉంటాయి. ఒకటి, అది చెవులు హోరెత్తే గోల అని. రెండు, అది కాన్వెంటు పిల్లల వ్యవహారం, మనకు సంబంధించింది కాదు అని. ఈ రెండూ పోవాలంటే 1920 నుంచి 1960 దాకా అమెరికాలో వచ్చిన ప్రేమగీతాలను వినాలి. అవి చాలావరకు నెమ్మదిగా, మాట మాటా తెలిసేలా సాగుతాయి. ఇక వాటిని రాసినవాళ్ళలోనూ పాడినవాళ్ళలోనూ చాలామంది పెద్దింటి బిడ్డలు కారు. పొట్ట చేత పట్టుకొని వలస వచ్చినవాళ్ళ పిల్లలు, బానిసలుగా బతికిన జాతి వారసులు, అనాథ శరణాలయాల్లో తలదాచుకున్నవాళ్ళు. ఆ పాటలేమిటి, ఆ గాయకులెవరు, వాటిని ఎలా వింటే వాటి రుచి తెలుస్తుంది అన్న సంగతులు ఇప్పుడు చెప్పుకుందాం.

పాటలు పుట్టిన వీధి

న్యూయార్క్ నగరంలో 28వ వీధి అని ఒకటి ఉంది. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో పాటలు అచ్చువేసే కంపెనీలు అక్కడ వరసగా వెలిశాయి. రేడియో లేని రోజులవి. పాట అంటే స్వరాలతో సహా అచ్చయిన కాగితం. అది కొనుక్కెళ్ళి ఇంట్లో పియానో మీద వాయించుకునేవారు. ఆ వీధికి ‘టిన్ పాన్ ఆలీ’ అని పేరు పడింది, అంటే రేకు గిన్నెల సందు. అన్ని గదుల్లో పియానోలు ఒకేసారి మోగుతుంటే రేకు గిన్నెలు వాయించినట్టు ఉండేదని, అందుకే ఆ పేరు వచ్చిందని చెబుతారు.

తరువాత బ్రాడ్‌వే నాటకాలకు, 1927 తరువాత మాటలొచ్చిన సినిమాలకు పాటలు కావలసి వచ్చాయి. ఆ నాటకాలు, సినిమాలు చాలావరకు జనం మరిచిపోయారు. వాటిలోని మంచి పాటలు మాత్రం మిగిలిపోయాయి. ఎవరైనా పాడుకోదగిన అలాంటి పాటలను ‘స్టాండర్డ్స్’ అంటారు. అన్నిటినీ కలిపి ‘గ్రేట్ అమెరికన్ సాంగ్‌బుక్’ అంటారు. పేరుకు బుక్ అన్నా ఆ పేరుతో అచ్చయిన పుస్తకమేదీ కాదది. జనం నోట నిలిచిన పాటల మూట.

ఆ పాటలు కట్టినవాళ్ళలో ఇర్వింగ్ బెర్లిన్ కథ మనం తెలుసుకోదగింది. 1888లో పుట్టాడు. యూదుల కుటుంబం. రష్యాలో బతకలేక 1893లో అమెరికా చేరారు. చిన్నప్పుడే తండ్రి పోయాడు. పేపర్లు అమ్మాడు. హోటల్లో వడ్డిస్తూ పాటలు పాడే కొలువు చేశాడు. స్వరాలు చదవడం, రాయడం ఆయనకు రాదు. పియానో మీద ఎక్కువగా నల్లమెట్ల మీదే వాయించేవాడు. తన మనసులోని వరస వినిపిస్తే పక్కవాళ్ళు రాసిపెట్టేవారు. ఆయన ఎలిన్ మెకే అనే కోటీశ్వరుడి కూతుర్ని ప్రేమించాడు. వేరే మతం, వలస వచ్చినవాడు అని ఆమె తండ్రి ససేమిరా అన్నాడు. అయినా 1926లో ఇద్దరూ పెళ్ళి చేసుకున్నారు. పెళ్ళికానుకగా బెర్లిన్ ఆమెకు ‘ఆల్వేస్’ అనే తన పాట హక్కులు రాసిచ్చాడు. ఎల్లప్పుడూ నిన్నే ప్రేమిస్తాను అని చెప్పే పాట అది. 1988లో ఆమె కన్నుమూసేదాకా, 62 ఏళ్ళు, వాళ్ళ కాపురం సాగింది.

పాట కట్టుబడి

మన సినిమా పాటకు పల్లవి, చరణాలు ఉన్నట్టే ఈ పాటలకూ ఒక కొలత ఉంది. ఎక్కువ పాటలు నాలుగు భాగాలుగా ఉంటాయి. మొదటి భాగంలో ఒక వరస వస్తుంది. రెండో భాగంలో మాటలు మారి, అదే వరస మళ్ళీ వస్తుంది. మూడో భాగం వేరే దారి పడుతుంది. దీన్ని ‘బ్రిడ్జి’ అంటారు, అంటే వంతెన. నాలుగో భాగంలో పాట తిరిగి మొదటి వరసకు వచ్చి ముగుస్తుంది. ఒక్కో భాగానికి ఎనిమిది తాళావృత్తాలు, మొత్తం ముప్ఫై రెండు.

ఇంటి నుంచి బయలుదేరి, వంతెన దాటి, మళ్ళీ ఇల్లు చేరినట్టు ఉంటుంది. కాని వెళ్ళినప్పటి మనిషి, వచ్చినప్పటి మనిషి ఒకరు కారు. మొదట్లో మామూలుగా విన్న వరసే చివర్లో గుండెకు తగులుతుంది. కాబట్టి వినేటప్పుడు వంతెన ఎక్కడ వచ్చిందో పట్టుకోండి. పాట సగం అర్థమైనట్టే.

ఆ కాలపు పది అంగుళాల రికార్డు ఒక్కో వైపు దాదాపు మూడు నిమిషాలే పాడేది. చెప్పదలచుకున్నదంతా ఆ మూడు నిమిషాల్లోనే చెప్పాలి. అందుకే ఈ పాటల్లో అనవసరమైన మాట కనిపించదు.

మైకు తెచ్చిన మార్పు

1925కు ముందు రికార్డు చేయాలంటే గరాటు లాంటి పెద్ద కొమ్ములోకి గొంతెత్తి పాడాలి. అరిచి చెబితే అది ప్రేమ ఎలా అవుతుంది? 1925లో కరెంటు మైకుతో రికార్డింగు మొదలైంది. చెవి దగ్గర చెప్పినట్టు మెల్లగా పాడినా వినిపించే వీలు కలిగింది. బింగ్ క్రాస్బీ ఈ పద్ధతిలో దేశమంతా పేరు తెచ్చుకున్నాడు. మన ‘మిస్సమ్మ’ (1955)లో ఎ.ఎం. రాజా పాడిన పాటలు గుర్తు చేసుకోండి. గొంతు చించుకోకుండా పాడినా ప్రతి మాటా మనసులోకి దిగుతుంది. అదీ మైకు చలవే.

ఫ్రాంక్ సినాట్రా మైకును ఒక వాయిద్యంలా వాడుకున్నాడు. ఇటలీ నుంచి వలస వచ్చిన కుటుంబంలో 1915లో పుట్టాడు. హైస్కూలు చదువు పూర్తి చేయలేదు. 1940 నుంచి 1942 వరకు టామీ డోర్సీ బృందంలో పాడాడు. డోర్సీ ట్రాంబోన్ వాయించేవాడు. ఎక్కడ ఊపిరి తీసుకుంటున్నాడో తెలియకుండా పొడుగాటి వరసను ఒక్క బిగిన వాయించడం ఆయన ప్రత్యేకత. సినాట్రా పక్కన కూర్చుని అది గమనించాడు. ఊపిరి నిలవడం కోసం ఈతకొలనులో నీళ్ళ కింద ఈదాడు. ఆయన పాట వింటున్నప్పుడు వాక్యం మధ్యలో విరగదు. ఎదుటివాడు ఆలోచించుకుంటూ మాట్లాడినట్టు ఉంటుంది. 1955లో వచ్చిన ‘ఇన్ ద వీ స్మాల్ అవర్స్’ రికార్డులో పాటలన్నీ దూరమైన ప్రేమ గురించే. రాత్రి అందరూ పడుకున్నాక వినవలసినవి అవి.

శరణాలయాల నుంచి వచ్చిన గొంతులు

ఇప్పుడు మనకు మరీ దగ్గరగా ఉండే ముగ్గురి గురించి చెబుతాను. ముగ్గురూ నల్లజాతివారు. ముగ్గురూ చిన్నతనంలో పిల్లల గృహాల్లో గడిపినవారే. అయితే అవి మన హాస్టల్ లాంటివి కావు. చదువు కోసం పెట్టినవి తక్కువ, శిక్ష కోసం పెట్టినవి ఎక్కువ.

లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ 1901లో న్యూ ఆర్లియన్స్‌లో పుట్టాడు. 1912 డిసెంబరు 31 రాత్రి, కొత్త సంవత్సరం సంబరంలో తుపాకీ గాలిలోకి పేల్చాడని పట్టుకుని నల్లజాతి అనాథ పిల్లల గృహానికి పంపారు. అక్కడ పీటర్ డేవిస్ అనే ఉపాధ్యాయుడు అతనికి బూర వాయించడం నేర్పాడు. ఆ గృహం బ్యాండుకే నాయకుడయ్యాడు. తరువాత ప్రపంచమంతా మెచ్చిన ట్రంపెట్ విద్వాంసుడయ్యాడు. ఆయన గొంతు కంకర మీద బండి నడిచినట్టు ఉంటుంది. అయినా ఆ గొంతుతో ప్రేమ పాట పాడితే ఎంతో ఆప్యాయంగా వినిపిస్తుంది. గొంతు తీపిగా ఉంటేనే పాట అనుకునేవాళ్ళకు ఆయనే సమాధానం.

బిల్లీ హాలిడే 1915లో పుట్టింది. బాల్టిమోర్‌లో పెరిగింది. తొమ్మిదేళ్ళ వయసులో బడికి సరిగా పోవడం లేదని ఆడపిల్లల సంస్కరణ గృహంలో పెట్టారు. ఆమె గొంతు చిన్నది. పలికే స్వరాలు ఒక స్థాయికి కాస్త మించి ఉంటాయి, అంతే. ఆమె గొప్పతనమంతా కాలాన్ని వాడుకోవడంలో ఉంది. తాళం ముందు పోతుంటే ఆమె మాట ఒక అర క్షణం ఆగి వస్తుంది, చెప్పాలా వద్దా అని తటపటాయించినట్టు. 1941లో పాడిన ‘ఆల్ ఆఫ్ మీ’ వింటే ఇది బాగా తెలుస్తుంది. 1938లో ఆమె ఆర్టీ షా అనే తెల్లజాతి నాయకుడి బృందంలో పాడింది. న్యూయార్క్‌లో ఒక పెద్ద హోటల్లో రోజూ వేదిక మీద చప్పట్లు కొట్టించుకునే ఆమెను పైకి వెళ్ళడానికి మాత్రం సామాన్లు మోసే లిఫ్టులో రమ్మన్నారు. ఆమె ఆ బృందం వదిలిపెట్టింది.

ఎల్లా ఫిట్జెరాల్డ్ 1917లో పుట్టింది. 1932లో తల్లి చనిపోయింది. మొదట అనాథ శరణాలయంలో, తరువాత హడ్సన్ ఊళ్ళో ప్రభుత్వ ఆడపిల్లల శిక్షణాలయంలో ఉంచారు. ఆ బడిలో గాయక బృందం ఉండేది. అందులో తెల్ల పిల్లలకే చోటు. రాబోయే రోజుల్లో ప్రపంచం చెవులప్పగించి వినబోయే గొంతు ఆ ఆవరణలోనే ఉంది, పాడమని పిలిచినవారు లేరు. అక్కడి నుంచి బయటపడి న్యూయార్క్ వీధుల్లో తిరిగింది. 1934 నవంబరు 21న హార్లెంలోని అపోలో థియేటర్లో కొత్తవాళ్ళ పోటీకి వెళ్ళింది. నాట్యం చేద్దామని పోయి, తనకు ముందు ఇద్దరు అక్కాచెల్లెళ్ళు బ్రహ్మాండంగా ఆడటం చూసి జంకి, అప్పటికప్పుడు పాట ఎత్తుకుంది. మొదటి బహుమతి 25 డాలర్లు గెలిచింది. 1956 నుంచి 1964 దాకా ఒక్కో రచయిత పాటలను ఒక్కో ‘సాంగ్ బుక్’ రికార్డుగా పాడింది. 1959లో మొట్టమొదటిసారి గ్రామీ బహుమతులు ఇచ్చినప్పుడు ఆమెకు రెండు వచ్చాయి. అందులో ఒకటి ఇర్వింగ్ బెర్లిన్ పాటలకు. వడ్డన కుర్రాడు కట్టిన పాట, శరణాలయం పిల్ల పాడింది. అమెరికా సంగీతమని ప్రపంచం గౌరవించేది ఇలా తయారైంది.

ఒకే పాటను మూడుసార్లు వినండి

ఈ పాటల ప్రత్యేకత ఏమిటంటే, ఒక పాట ఒక గాయకుడి సొత్తు కాదు. మన దగ్గర ఘంటసాల పాడిన పాట ఘంటసాలదే. అక్కడ ఒకే స్టాండర్డును వందలమంది పాడతారు. ఉదాహరణకు ‘మై ఫన్నీ వాలెంటైన్’ తీసుకోండి. 1937లో ఒక నాటకం కోసం రిచర్డ్ రోజర్స్ వరస కట్టగా లోరెంజ్ హార్ట్ మాటలు రాశాడు. ఫిబ్రవరి 14 కోసం రాసిన పాట కాదు. వాలెంటైన్ అన్నది ఆ నాటకంలో కుర్రాడి పేరు. అందగాడివి కావు, మాట తీరు గొప్పది కాదు అని లోపాలన్నీ వరసగా చెప్పి, అయినా నా కోసం నువ్వు మారొద్దు అంటుంది అమ్మాయి. హార్ట్ చాలా పొట్టి మనిషి. తనను ఎవరూ ప్రేమించరని బాధపడినవాడు. ఒంటరిగానే ఉండి 1943లో 48వ ఏట పోయాడు. ఆ సంగతి తెలిశాక పాట ఇంకోలా వినిపిస్తుంది.

ముందుగా సినాట్రా పాడింది వినండి. తగినంత అనుభవమున్న మగవాడు ఓదార్పుగా చెప్పినట్టు ఉంటుంది. తరువాత చెట్ బేకర్ పాడింది వినండి. ఆయన ట్రంపెట్ వాయించేవాడు. 1954లో పాడిన ఈ పాటలో గొంతు వణకదు, అలంకారం లేదు, ఒంటరి కుర్రాడు తనలో తాను పాడుకున్నట్టు ఉంటుంది. ఆ తరువాత ఎల్లా పాడింది వినండి. ఆమె అసలు పాటకు ముందున్న పీఠికతో మొదలుపెడుతుంది. ప్రతి మాటా తేటనీటిలో రాయిలా కనిపిస్తుంది. మాటలు అవే, వరస అదే, మనుషులు ముగ్గురు. ఎవరిది బాగుంది అని తేల్చనక్కర్లేదు. తేడా ఎక్కడ వచ్చిందో పట్టుకుంటే చాలు.

తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు ఒక సలహా. వినే ముందు పాట మాటలు ఒకసారి చదవండి, తెలియనివి డిక్షనరీలో చూసుకోండి. తరువాత నాట్ కింగ్ కోల్‌తో మొదలుపెట్టండి. అంత స్పష్టంగా ఇంగ్లీషు పలికే గాయకులు అరుదు. మెల్లగా ఆయనతో పాటు పాడండి. ఉచ్చారణ దానంతటదే దారికి వస్తుంది. పూర్వం ఈ రికార్డులు మనకు దొరికేవి కావు. ఇప్పుడు సెల్‌ఫోన్లో యూట్యూబ్ తెరిస్తే చాలు.

ప్రేమ పాటలు మనకెందుకు?

మనకు ఇన్ని సమస్యలుండగా ఈ ప్రేమ పాటలెందుకని మీలో కొందరు అడగవచ్చు. అది న్యాయమైన ప్రశ్నే. జవాబు నాట్ కింగ్ కోల్ బతుకులో ఉంది. ఆయన పాడినవి దాదాపు అన్నీ మెత్తటి ప్రేమ పాటలు. 1948లో లాస్ ఏంజెలెస్‌లో తెల్లవాళ్ళుండే పేటలో ఇల్లు కొంటే, అవాంఛితులు ఇక్కడికి రావడం మాకిష్టం లేదని ఇరుగుపొరుగు చెప్పారట. నాకూ ఇష్టం లేదు, అలాంటివాళ్ళు కనబడితే మొదట ఫిర్యాదు చేసేది నేనే అన్నాడట ఆయన. 1956 ఏప్రిల్ 10న అలబామా రాష్ట్రంలోని బర్మింగ్‌హామ్‌లో వేదిక మీద పాడుతుండగా తెల్లజాతి దుండగులు ఎక్కి వచ్చి ఆయన్ను కిందపడేశారు. అదే ఏడాది టీవీలో ఆయన పేరుతో కార్యక్రమం మొదలైంది. దేశమంతా చూసింది. ప్రకటన ఇచ్చి నిలబెట్టడానికి దేశవ్యాప్తంగా అమ్మే కంపెనీ ఒక్కటీ ముందుకు రాలేదు. 1957 చివర్లో ఆగిపోయింది.

ఆయన ప్రేమ పాట పాడితే అంత కోపం ఎందుకు వచ్చింది? ఒక జాతిని తక్కువ చేయాలనుకునేవాళ్ళు ముందుగా చెప్పేది, వీళ్ళకు మనలాంటి మనసు లేదు అని. ప్రేమ పాట ఆ అబద్ధాన్ని నిలవనివ్వదు. నాకూ ఎదురుచూపు ఉంది, సిగ్గు ఉంది, దిగులు ఉంది అని చెబుతుంది. నల్లవాళ్ళను చెట్లకు ఉరితీసిన దారుణం మీద 1939లో ‘స్ట్రేంజ్ ఫ్రూట్’ పాడింది కూడా బిల్లీ హాలిడేనే. నిరసన పాట, ప్రేమ పాట ఒకే గొంతు నుంచి వచ్చాయి. ఒకటి మా ప్రాణాలు తీయకండి అంటుంది, రెండోది మేమూ మనుషులమే అంటుంది.

కాబట్టి మంచి పాట ఏ భాషలో ఉన్నా అది మనది కాదని అనుకోవద్దు. ఈ పాటలు కట్టినవాళ్ళు, పాడినవాళ్ళు ఎవరి అనుమతీ అడిగి రాలేదు. వినడానికి మనకూ ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఈ సెలవుల్లో ఒక్క పాట ఎంచుకుని ముగ్గురి గొంతుల్లో వినండి. మీకు నచ్చిన గొంతు ఏదో, ఎందుకు నచ్చిందో పక్క మంచం మిత్రుడికి చెప్పండి.