ఏ ఈరన్న?

ఒకే పేరు ఇద్దరికుంటే మనం ఊరిపేరు కలిపి పిలుస్తాం. మరి కంప్యూటరో? ఆ చిన్న కిటుకు దానికి నేర్పడానికి ఇరవై ఏళ్లకు పైనే పట్టింది!

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతంలో బళ్లో హాజరు పిలుస్తూ 'ఈరన్నా' అంటే ఇద్దరు ముగ్గురు 'ప్రెజెంట్ సార్' అనడం మామూలే. కౌతాళం మండలం ఉరుకుందలో కొలువైన ఈరన్నస్వామికి మొక్కుకుని, పుట్టిన బిడ్డకు ఆయన పేరే పెట్టుకునే ఇళ్లు ఇక్కడ ఎన్నో. అందుకే సారు ఇంటిపేరో ఊరిపేరో కలిపి పిలుస్తారు. సరిగ్గా ఇదే చిక్కు ప్రోగ్రాములు రాసేవాళ్లకీ ఎదురైంది.

శుభలేఖ లాంటిదే...

ప్రింటింగ్ ప్రెస్సులో శుభలేఖ నమూనా సిద్ధంగా ఉంటుంది. వధూవరుల పేర్లు, ముహూర్తం... ఖాళీలు నింపితే చాలు. ప్రోగ్రాముల్లో 'మాక్రో' అలాంటిదే. ఒక్క మాట రాస్తే దాని వెనకున్న పది వరుసలూ వచ్చి కూర్చుంటాయి. మనం రాసింది ఏ నమూనాకు సరిపోతుందో కంప్యూటర్ పోల్చి చూసుకుని, ఏ ఖాళీలో ఏది పెట్టాలో తెలుసుకుంటుంది. 'లిస్ప్' భాషకు మాక్రోలు ఉండాలని 1963లో తిమోతీ హార్ట్ ప్రతిపాదించారు.

పాలు ఏమయ్యాయి?

రెండు గిన్నెల్లో పాలూ మజ్జిగా ఉన్నాయి. అటువి ఇటు మార్చాలంటే మూడో గిన్నె కావాలి కదా! 'మార్పిడి' మాక్రో రాసినాయన ఆ మూడోదానికి 'చిన్నగిన్నె' అని పేరుపెట్టాడనుకోండి. దాన్ని వాడుకునే ఇంట్లో పాలగిన్నె పేరూ అదే! కంప్యూటర్‌కు రెండూ ఒకటే. అక్కడ కొత్తది పోస్తే పాతది పోతుంది. చివరికి రెండు గిన్నెల్లోనూ మజ్జిగే మిగులుతుంది. పొరపాటైందని అది చెప్పదు కూడా. గిన్నెల బదులు రెండు బ్యాంకు ఖాతాల అంకెలైతే?

పుట్టిన చోటే గుర్తు

1986లో అమెరికాలోని ఇండియానా విశ్వవిద్యాలయానికి చెందిన యూజీన్ కోల్‌బెకర్, డేనియల్ ఫ్రీడ్‌మన్, మథియస్ ఫెలైజెన్, బ్రూస్ డూబా దీనికో దారి చూపారు. మాక్రో తనతో తెచ్చే ప్రతి పేరుకూ అది ఎక్కడ పుట్టిందో తెలిపే గుర్తు తగిలించడమే ఆ ఉపాయం. పేరుతోపాటు దాని సందర్భమూ వెంట వెళ్తుందన్నమాట. అప్పుడు మాక్రో తెచ్చిన చిన్నగిన్నె వేరు, ఇంట్లోది వేరు. వీటికి 'హైజీనిక్ మాక్రోలు' అని పేరు. 1998 నాటి 'స్కీమ్' భాషా ప్రమాణంలో ఈ పద్ధతికి చోటు దక్కింది. 'రస్ట్' భాషలోనూ మాక్రోలోని తాత్కాలిక పేర్లకు ఈ రక్షణ ఉంది. పాతదైన 'సి' భాషలో మాత్రం లేదు. అందుకే ఇంకెవరూ పెట్టని వింత పేర్లు వెతుక్కుని మరీ పెడుతుంటారు ప్రోగ్రామర్లు.

ఆదోని నుంచో ఎమ్మిగనూరు నుంచో వెళ్లి బెంగళూరులో, హైదరాబాదులో ప్రోగ్రాములు రాసే పిల్లలకు ఇందులో కొత్తేముంది? చిన్నప్పుడు బళ్లో విన్నదేగా...

'ఏ ఈరన్న? ఎమ్మిగనూరు ఈరన్నా, కోసిగి ఈరన్నా?'