మీకు తెలుసా? మన గోదావరి డైనోసార్, తెర మీది డైనోసార్

నందిపేట్‌కు ఆనుకుని శ్రీరాంసాగర్‌లో నిండే గోదావరి వెంట దిగువకు వెళ్తే డైనోసార్ల నేల తగులుతుంది. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర దొరికిన కోటసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం ఇప్పుడు హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో నిలబడి ఉంది. పొడవు సుమారు 9 మీటర్లు. 1988లో దానికి పేరు పెట్టింది శాస్త్రవేత్త పి.యాదగిరి. పళ్లు దొరికాయి గానీ పుర్రె దొరకలేదు. దగ్గరి జాతులను చూసి తలను ఊహించుకోవాల్సిందే.

సినిమా డైనోసార్ కూడా ఎముకలతోనే మొదలవుతుంది. కంప్యూటర్‌లో ముందు అస్థిపంజరం, కీళ్లు, తర్వాత కండలు, పైన చర్మం. అడుగు పడగానే తొడ కండ బిగుసుకోవాలి, పొట్ట ఊగాలి. ఆ బరువు కనిపించకపోతే ఎంత గ్రాఫిక్స్ చేసినా వృథా.

1993 నాటి ‘జురాసిక్ పార్క్’లో డైనోసార్లు కనిపించేది సుమారు 15 నిమిషాలే. అందులో కంప్యూటర్ సృష్టించినవి 6 నిమిషాలకు అటూఇటూ. మిగతావి ఎక్కువగా స్టాన్ విన్‌స్టన్ బృందం చేసిన కదిలే బొమ్మలు. వాన సీన్‌లో టీ-రెక్స్ ఫోమ్ చర్మం నీళ్లు పీల్చి బరువెక్కేది. బొమ్మంతా వణికిపోయేది. ఆరబెట్టి మళ్లీ షాట్ తీసేవారు. దాని గర్జన ఏనుగు పిల్ల, పులి, మొసలి జాతి జంతువుల అరుపుల కలయిక.

కంప్యూటర్‌లో జంతువులకు ప్రాణం పోసే పనిలో మనవాళ్ల చెయ్యీ ఉంది. 2012లో వచ్చిన ‘లైఫ్ ఆఫ్ పై’ విజువల్ ఎఫెక్ట్స్‌లో రిథమ్ అండ్ హ్యూస్ హైదరాబాద్ స్టూడియో కళాకారులు పనిచేశారు. ఆ విభాగంలో సినిమాకు ఆస్కార్ వచ్చింది. మన కోటసారస్‌కూ అలాంటి చేతులు ప్రాణం పోస్తే చూడాలని ఉంది.