పైఫ్లోర్‌లో వైఫై రావడం లేదా? ప్లాన్ పెంచే ముందు ఒక్క వైరు లాగి చూడండి!

కింద హాల్లో స్పీడ్ టెస్ట్ పెడితే 100 ఎంబీపీఎస్ చూపిస్తుంది. అదే ఫోన్‌తో పైఫ్లోర్ బెడ్‌రూమ్‌లోకి వెళ్తే వీడియో గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది. సంగారెడ్డి జిల్లా కంది, పటాన్‌చెరు చుట్టుపక్కల రెండు, మూడంతస్తుల ఇళ్లున్న వాళ్లకు ఈ బాధ కొత్త కాదు. ఇలాంటప్పుడు చాలామంది ముందుగా చేసే పని ప్లాన్ పెంచడం. 100 నుంచి 200కి, 300కి వెళ్తారు. నెల బిల్లు పెరుగుతుంది కానీ, పై గదిలో బఫరింగ్ మాత్రం ఆగదు. ఎందుకంటే తప్పు ప్లాన్‌ది కాదు, మధ్యలో ఉన్న స్లాబ్‌ది.

ఫైబర్ వాళ్లు వచ్చినప్పుడు వైరు ఎక్కడ లోపలికి వస్తే అక్కడే రౌటర్ బిగించి వెళ్తారు. అది సాధారణంగా ముందు గదిలో ఓ మూలన ఉంటుంది. అక్కడి నుంచి సిగ్నల్ ఇటుక గోడలు, ఇనుప రాడ్లున్న కాంక్రీట్ స్లాబ్ దాటి పైకి రావాలి. వేగం ఎక్కువగా ఇచ్చే 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ ఈ గోడల దగ్గరే బాగా నీరసపడుతుంది. 2.4 గిగాహెర్ట్జ్ కాస్త దూరం వెళ్తుంది. కానీ దాని వేగం తక్కువ, పైగా పక్కిళ్ల రౌటర్లన్నీ అదే దారిలో ఉంటాయి.

ఇది సినిమాలు, రీల్స్‌తో ఆగిపోయే విషయం కాదు. ఎయిర్‌టెల్ 2019 డిసెంబర్‌లో, జియో 2020 జనవరిలో వైఫై కాలింగ్ తెచ్చాక మామూలు ఫోన్ కాల్ కూడా ఇంటి వైఫై మీదే నడుస్తోంది. పై గదిలో ఆన్‌లైన్ ఇంటర్వ్యూకు కూర్చున్నవాళ్లకు, నైట్ షిఫ్ట్‌లో ఉన్న మనిషితో మాట్లాడుతూ మెట్లెక్కుతున్నవాళ్లకు సరిగ్గా అప్పుడే కాల్ కట్టయితే ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు.

ప్లాన్ తర్వాత అందరి చూపూ ప్లగ్గులో పెట్టే రిపీటర్ మీద పడుతుంది. ఇది రౌటర్ చెప్పింది గాలిలోనే విని, మళ్లీ గాలిలోనే చెబుతుంది. ఒకే ఛానెల్‌లో ప్రతి మాటా రెండుసార్లు వెళ్లాలి కాబట్టి వేగం దాదాపు సగానికి పడిపోతుంది. అందులోనూ దీన్ని సిగ్నల్ అసలు రాని గదిలోనే పెడతారు. దానికే సిగ్నల్ అందకపోతే అది మనకేం ఇస్తుంది? ఫోన్‌లో మాత్రం ఫుల్ గీతలు కనిపిస్తాయి. ఆ గీతలు రిపీటర్‌కు, ఫోన్‌కు మధ్య ఉన్నవే.

మరి పెద్ద క్యాంపస్‌లు ఏం చేస్తాయి? కందిలోని ఐఐటీ హైదరాబాద్ విస్తీర్ణం 576 ఎకరాలు. అంత చోటుకు ఒక్క రౌటర్ సరిపోదని ఎవరైనా చెబుతారు. క్యాంపస్‌లు, ఆఫీసుల్లో వాడే పద్ధతి ఏంటంటే.. చాలాచోట్ల చిన్న యాక్సెస్ పాయింట్లు పెట్టి, ఒక్కోదానికి వైరు లాగడం. ఇంటికి కూడా ఇదే సూత్రం పనికొస్తుంది. కింద రౌటర్ నుంచి పైకి ఒక ల్యాన్ కేబుల్, దాని చివర ఒక యాక్సెస్ పాయింట్ ఉంటే చాలు.

కొత్తది కొనకపోయినా పర్లేదు. మూల పడేసిన పాత రౌటర్‌లో 'ఏపీ మోడ్' ఉందేమో చూడండి (ఏపీ అంటే ఇక్కడ ఆంధ్రప్రదేశ్ కాదు, యాక్సెస్ పాయింట్). ఆ మోడ్ లేకపోతే దాని ఐపీ అడ్రస్‌ను మెయిన్ రౌటర్‌తో కలవకుండా మార్చి, డీహెచ్‌సీపీ ఆఫ్ చేసి, కేబుల్‌ను ల్యాన్ పోర్టులో పెట్టాలి. డీహెచ్‌సీపీ ఆపడం మర్చిపోతే రెండు పెట్టెలూ ఫోన్లకు అడ్రసులు పంచడం మొదలుపెడతాయి. 'కనెక్టెడ్, నో ఇంటర్నెట్' అని వచ్చేది అప్పుడే. వ్యాన్ పోర్టులో పెడితే నెట్ వస్తుంది కానీ, పైనున్న ఫోన్‌కు కింద ప్రింటర్, టీవీ కనిపించకపోవచ్చు.

కేబుల్ దగ్గర కక్కుర్తి వద్దు. క్యాట్ 6 వైరు, అదీ అసలు రాగిది అడగాలి. అల్యూమినియం మీద రాగి పూత వేసిన చవక రకం కూడా మార్కెట్లో ఉంది. 100 మీటర్ల వరకు ఇబ్బంది లేదు, ఇంటికి అంత అవసరమూ రాదు. లోపలి ఎనిమిది తీగలూ సరిగ్గా క్రింపింగ్ చేయించాలి. నాలుగే కలిపితే 100 ఎంబీపీఎస్ దాటదు. పాత రౌటర్‌కు 100 ఎంబీపీఎస్ పోర్టులే ఉన్నా అంతే. కరెంటు వైర్లున్న పైపులోనే దీన్ని తోయొద్దు. బయటి గోడ మీదుగా కంటే మెట్ల పక్క నుంచి తీసుకెళ్తే ఎండ, వాన, పిడుగుల గొడవ తగ్గుతుంది.

ఇప్పుడు అసలు మెలిక. రెండు పెట్టెలకూ ఒకే పేరు, ఒకే పాస్‌వర్డ్, ఒకే రకం సెక్యూరిటీ పెట్టాలి. ఛానెళ్లు మాత్రం వేరుగా ఉండాలి. 2.4లో అయితే 1, 6, 11లో ఏవైనా రెండు ఎంచుకోవాలి. అప్పుడు మెట్లెక్కుతుంటే ఫోన్ పాతదాన్ని వదిలి కొత్తదాన్ని పట్టుకుంటుంది. దీన్నే రోమింగ్ అంటారు. అయితే ఎప్పుడు మారాలన్నది రౌటర్ నిర్ణయించదు, ఫోనే నిర్ణయిస్తుంది. యాపిల్ చెప్పే లెక్క ప్రకారం ఐఫోన్ సిగ్నల్ మైనస్ 70 డీబీఎంకు పడిపోయేదాకా వేరేదాని కోసం వెతకదు. అందుకే రెండు పెట్టెలనూ ఫుల్ పవర్‌లో పెడితే పైకెళ్లినా ఫోన్ కింది రౌటర్‌నే పట్టుకుని వేలాడుతుంది. పవర్ కాస్త తగ్గిస్తే రోమింగ్ మెరుగవుతుంది. వినడానికి వింతగా ఉన్నా ఇది పనిచేసే చిట్కా.

అమ్మేవాళ్లు చెప్పే 'సీమ్‌లెస్ రోమింగ్' వెనుక 802.11కే, వీ, ఆర్ అనే మూడు ప్రమాణాలున్నాయి. పక్కన ఏ యాక్సెస్ పాయింట్ ఉందో ఫోన్‌కు చెప్పడం, మారమని సూచించడం, మారేటప్పుడు పాస్‌వర్డ్ తంతు త్వరగా ముగించడం వీటి పని. ఒకే కంపెనీ సెట్ కొంటే ఇవి కలిసి పనిచేస్తాయి. వేర్వేరు కంపెనీల పాత రౌటర్లయితే మారేటప్పుడు కాల్‌లో ఓ క్షణం మాట తెగొచ్చు. వీడియోలకు అదసలు తెలియదు. 'ఆర్' ఆన్ చేశాక పాత ప్రింటరో, స్మార్ట్ బల్బో కనెక్ట్ కావడం లేదంటే దాన్ని ఆఫ్ చేసి చూడాలి.

మెష్ కిట్ కొన్నా ఇదే మాట వర్తిస్తుంది. వాటికీ వెనుక ల్యాన్ పోర్టు ఉంటుంది, వైరు కలిపితేనే పూర్తి వేగం. కిరాయి ఇంట్లో వైరు లాగే వీల్లేకపోతే మాత్రం వైర్‌లెస్ మెష్‌తో సర్దుకోవాల్సిందే. అప్పుడు రెండో పెట్టెను సిగ్నల్ రాని గదిలో కాకుండా మెట్ల మధ్యలో పెట్టాలి. ఇల్లు ఇంకా కడుతుంటే గోడలకు పూత వేయకముందే ప్రతి అంతస్తుకూ ఒక ఖాళీ పైపు వేయించమని ఎలక్ట్రీషియన్‌కు చెప్పండి. కరెంటు పైపుకు దూరంగా, లోపల వైరు లాగడానికి ఒక తాడు వదిలి.