పుస్తకం వచ్చేదాకా నిద్ర రాదు
సొంత ఖర్చుతో నవల వేసుకునే రచయితల పాట్లు

విజయవాడ: వరి కోతకొచ్చిన వేళ మబ్బు పడితే రైతుకు కంటిమీద కునుకుండదు. నవల ప్రెస్సులో ఉన్నన్నాళ్లూ రచయిత పరిస్థితి కూడా ఇంచుమించు అంతే. పెట్టుబడి పెట్టడం అయిపోయింది, ఫలితం ఇంకా తెలియలేదు. ధాన్యానికైతే ఏదో ఒక ధర చెప్పే వ్యాపారి కళ్లం దగ్గరికే వస్తాడు. నవలకు ఆపాటి దిక్కు కూడా లేదు.

నేడు తెలుగులో నవలలు రాసేవారిలో చాలామంది తమ పుస్తకాలు తామే అచ్చు వేయించుకుంటున్నారు. ఒకప్పుడు వారపత్రికలో సీరియల్‌గా వచ్చిన నవలకు ప్రచురణకర్త దొరకడం అంత కష్టం కాదు. పత్రిక ఇచ్చే పారితోషికం, ప్రచురణకర్త ఇచ్చే సొమ్ము కలిసి రచయితకు ఎంతో కొంత ముట్టేది. ఆ వారపత్రికలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. 2020లో కరోనా దెబ్బకు మరికొన్ని అచ్చు ఆపేశాయి. సీరియళ్లు పోయాయి గాని, రాసేవారు పోలేదు. ఉపాధ్యాయులు, బ్యాంకు ఉద్యోగులు, రిటైరైన పెద్దలు, వంటింటి పని ముగించుకుని రాత్రిళ్లు కలం పట్టే గృహిణులు ఇప్పటికీ రాస్తున్నారు. జీతంలో మిగిల్చిన డబ్బుతోనో, పెన్షను డబ్బుతోనో, కుదువపెట్టిన గొలుసుతోనో పుస్తకం తెస్తున్నారు.

కళ్లు కాస్తా కల్లు

రాయడం ఒక ఎత్తయితే, దిద్దడం మరో ఎత్తు. పూర్వం ప్రెస్సులో సీసపు అక్షరాలు ఒక్కొక్కటీ చేత్తో కూర్చేవారు. ఇప్పుడు కంప్యూటరు మీద టైపు చేస్తున్నారు. అయినా అచ్చుతప్పుల బెడద తగ్గలేదు. రచయిత ఫోనులోనో కంప్యూటరులోనో ఒక రకం అక్షరాల్లో రాస్తారు. ప్రెస్సువారు పేజీలు కట్టేది వేరొక రకం అక్షరాల్లో. ఇందులోంచి అందులోకి మార్చేటప్పుడు ఒత్తులు జారిపోతాయి, గుణింతాలు తారుమారవుతాయి. కథానాయిక కళ్లు ఎర్రబడ్డాయని రచయిత రాస్తే, పుస్తకంలో ఆమె కల్లు ఎర్రబడుతుంది. ఏడవవలసిన చోట పాఠకుడు నవ్వుతాడు.

అందుకే అనుభవమున్న రచయితలు మూడు ప్రూఫులకు తక్కువ చూడరు. చివరిదాన్ని పరాయి మనిషి చేత చదివిస్తారు. రాసినవారి కంటికి తప్పు ఆనదు. తాము రాసినదే కనబడుతుంది గాని, కాగితం మీద ఉన్నది కనబడదు. ఇంత చేసినా, పుస్తకం చేతికొచ్చి ఏదో ఒక పేజీ తెరిస్తే మొదట కంట పడేది తప్పేనని రచయితలు తమలో తాము చెప్పుకుని నవ్వుకుంటారు.

పేజీల లెక్క కూడా చూసుకోవాలి. పుస్తకం సాధారణంగా 16 పేజీలకు ఒక ఫారం చొప్పున అచ్చవుతుంది. 208 పేజీలైతే సరిగ్గా 13 ఫారాలు. నవల 210వ పేజీలోకి జారిందంటే ఆ రెండు పేజీల కోసం మరో ఫారం పని తగులుతుంది. ఆ రెండు పేజీలు తగ్గించడానికి ఏ పేరా కొట్టివేయాలా అని రాత్రంతా కూర్చునేవారు ఉన్నారు. ఏళ్ల తరబడి పెంచిన చెట్టు కొమ్మ నరికినట్టు బాధపడతారు.

ముందుమాట, వెనుక దిగులు

ముందుమాట రాయమని పేరున్న రచయితకు ప్రతి పంపుతారు. నెల గడుస్తుంది, రెండు నెలలు గడుస్తాయి. గుర్తు చేస్తే కోపం వస్తుందేమోనని భయం, చేయకపోతే పుస్తకం ఆగిపోతుందని భయం. ముందుమాట వచ్చాక మరో చిక్కు. కొందరు పెద్దలు అందులోనే కథ ముగింపు కూడా చెప్పేస్తారు. పెద్దవారి మాట దిద్దేదెలా?

ఊరి కథ రాసినవారికి ఇంకొక దిగులుంది. నవలలో భూమి తగాదా ఉంటుంది, కులాల పట్టింపు ఉంటుంది, పరువు కోసం ఆడపిల్ల పెళ్లి చెడగొట్టిన పెద్దమనిషి ఉంటాడు. పేర్లు మార్చినా, చెరువు దిక్కు మార్చినా ఊరివారు పోల్చుకుంటారు. ‘‘ఆ కరణం మా తాతేనా?’’ అని రచ్చబండ దగ్గర ఎవరైనా నిలదీస్తే ఏం చెప్పాలి? పట్నంలో ఉండి రాసేవారికి ఈ భయం తక్కువ. అదే ఊళ్లో ఉంటూ, అదే బావి నీళ్లు తాగుతూ రాసేవారికి ఎక్కువ. విమర్శకుడు కోప్పడితే పత్రికలో ఒక రోజు, పక్కింటివారు కోప్పడితే ఏడాది పొడుగునా.

375 కాపీల గండం

ఇక ఖర్చు. లెక్క కోసం ఒక పుస్తకం తీసుకుందాం. 500 కాపీలు వేశారు, టైపు, కాగితం, అచ్చు, అట్ట, బైండింగు కలిపి కాపీకి 90 రూపాయలు పడిందనుకుందాం. మొత్తం 45,000 రూపాయలు. వెల 200 రూపాయలు పెట్టారు. అమ్మిపెట్టే సంస్థకు నూటికి 40 చొప్పున కమిషను ఇస్తే 80 రూపాయలు పోయి రచయితకు మిగిలేది 120. ఆ లెక్కన పెట్టిన డబ్బు రావాలంటే 375 కాపీలు అమ్ముడవాలి. బంధువులకు, పెద్దలకు, పత్రికలకు ఉచితంగా ఇచ్చేవి 50 తీసేస్తే చేతిలో ఉండేవి 450. అందులో 375 అమ్మాలి. సభ ఖర్చు, పోస్టు ఖర్చు ఇందులో కలపలేదు. రాసిన రెండు మూడేళ్ల కష్టానికి కూలి అసలే కలపలేదు.

ఈ గండం తప్పించుకోవడానికి ఇప్పుడు కొందరు 50 లేక 100 కాపీలు మాత్రమే డిజిటల్ ప్రెస్సులో వేయిస్తున్నారు. కాపీ ఖరీదు ఎక్కువ పడుతుంది, లాభం సన్నగిల్లుతుంది. కాని మంచం కింద కట్టలు పేరుకోవు. చాలామంది రచయితల భయం ఆ కట్టలే. చెద పట్టకుండా వాటిని ఏటా ఎండలో వేసి, మళ్లీ లోపల సర్దే ఇల్లాలి మాటకు సమాధానం చెప్పడం ఏ విమర్శకుడికి సమాధానం చెప్పడం కన్నా కష్టం.

డికెన్స్‌కు కూడా తప్పలేదు

ఈ పాట్లు మన రచయితలకే వచ్చినవి కావు. ఇంగ్లండులో ఛార్లెస్ డికెన్స్ 1843 నాటికే పేరు మోసిన రచయిత. అయితే అప్పుడు భాగాలుగా వస్తున్న ఆయన నవల ‘మార్టిన్ చజిల్‌విట్’ అనుకున్నంతగా అమ్ముడుపోవడం లేదు. ప్రచురణకర్తలు ఆయనకిచ్చే నెలసరి సొమ్ములో కోత పెడతామన్నారు. ఇంట్లో అయిదో బిడ్డ పుట్టబోతోంది. అటువంటి సమయంలో ఆరు వారాల్లో ‘ఎ క్రిస్మస్ కేరల్’ రాశారు. రాత్రిళ్లు లండను వీధుల్లో మైళ్ల కొద్దీ నడుస్తూ కథ అల్లుకున్నారు. అచ్చు ఖర్చు తానే భరించి, ప్రచురణకర్తలకు కమిషను మాత్రం ఇచ్చేట్టు ఒప్పుకున్నారు.

పుస్తకం అందంగా ఉండాలని ఆయన పట్టుదల. ఎర్ర గుడ్డ బైండింగు, బంగారు పూత అంచులు, చేత్తో రంగులు వేసిన బొమ్మలు పెట్టించారు. అట్ట లోపలి ఆకుపచ్చ కాగితం రంగు ఊడి చేతికి అంటుతోందని దాన్ని మార్పించారు. పేరు పుట రంగులు నచ్చలేదని మళ్లీ వేయించారు. విడుదలకు రెండు రోజుల ముందు గాని ప్రతులు సిద్ధం కాలేదు. 1843 డిసెంబరు 19న పుస్తకం వచ్చింది. వెల 5 షిల్లింగులు. 24వ తేదీకల్లా 6,000 కాపీలు అయిపోయాయి.

ఇంత అమ్మకం జరిగినా లెక్క చూసుకుంటే గుండె జారింది. వెయ్యి పౌన్లు వస్తాయనుకుంటే మొదటి 6,000 కాపీల మీద మిగిలింది 230 పౌన్లే. తక్కినదంతా అచ్చు హంగులకే అయిపోయింది. మరుసటి నెలలోనే దొంగ ప్రతి బజారులోకి వచ్చింది. ఆయన కోర్టుకెక్కి గెలిచారు. కాని ఓడినవారు దివాలా తీయడంతో 700 పౌన్ల కోర్టు ఖర్చు ఆయన నెత్తినే పడింది. పుస్తకం మాత్రం నేటికీ అచ్చవుతూనే ఉంది.

మన దగ్గర కందుకూరి వీరేశలింగం 1874లో ‘వివేకవర్ధని’ పత్రిక పెట్టి, ఆ తర్వాత రాజమండ్రిలో సొంత ముద్రణాలయం నడిపారు. ఆయన ‘రాజశేఖర చరిత్రము’ మొదట ఆ పత్రికలోనే వచ్చి, 1880లో పుస్తకమయింది. సొంత ఖర్చుతో, సొంత పూచీతో అచ్చు వేసుకోవడం తెలుగు నవలకు పుట్టుకతో వచ్చినదేనన్నమాట.

కాగితాల పని

సొంతంగా వేసుకునేవారు రచయితే కాదు, చట్టం దృష్టిలో ప్రచురణకర్త కూడా. పుస్తకానికి 13 అంకెల ఐ.ఎస్.బి.ఎన్. నంబరు తీసుకోవాలి. ఇది లేకపోతే పెద్ద దుకాణాలు, ఇంటర్నెట్ అంగళ్లు పుస్తకం తీసుకోవడానికి వెనకాడతాయి. మన దేశంలో రాజా రామమోహన్ రాయ్ జాతీయ సంస్థ ద్వారా కేంద్ర విద్యాశాఖ దీన్ని ఉచితంగా ఇస్తుంది. దీనికోసం ఎవరికీ రుసుం చెల్లించనక్కరలేదు. 1954 నాటి చట్టం ప్రకారం, పుస్తకం వచ్చిన 30 రోజుల్లో కలకత్తా జాతీయ గ్రంథాలయానికి, మరో మూడు గ్రంథాలయాలకు ఒక్కో ప్రతి పంపాలి. చాలామంది ఈ సంగతి ఎరుగరు. ఎరిగినవారు మాత్రం సంతోషంగా పంపుతారు. ఇంట్లో ప్రతులు చెదలు తిన్నా, అక్కడ ఒకటి భద్రంగా ఉంటుంది గదా అని.

కాపీరైటు కోసం రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు. రాసిన నాటి నుంచే హక్కు ఉంటుంది. రచయిత జీవించినంత కాలం, ఆ తర్వాత 60 ఏళ్లు చెల్లుతుంది. అయినా పుస్తకం వచ్చిన నెలలోనే ఎవరో పేజీలన్నీ ఫొటోలు తీసి వాట్సాప్‌లో పంచితే ఆపడం కష్టం. డికెన్స్‌ను బాధపెట్టిన దొంగ ప్రతి ఇప్పుడు ఫోనులో తిరుగుతోంది.

సభకు ఎవరొస్తారు?

ఆవిష్కరణ సభ తేదీ పెట్టడం పెళ్లి ముహూర్తం పెట్టడం కన్నా కష్టం. ఆదివారమైతే ఉద్యోగులు వస్తారు. ముహూర్తాల రోజైతే ఒక్కరూ రారు. నాట్ల సమయంలో ఊళ్లో సభ పెడితే కుర్చీలు తప్ప వినేవారుండరు. క్రికెట్ మ్యాచి ఉందేమో కూడా చూసుకోవాలి. ముఖ్య అతిథి రెండు గంటలు ఆలస్యంగా వస్తే వచ్చిన నలుగురూ లేచిపోతారు. వేదిక మీది వక్తలు పుస్తకం చదివి వచ్చారా అన్నది మరో అనుమానం.

సభలో చప్పట్లు, శాలువాలు బాగానే ఉంటాయి. ‘‘మాకొక కాపీ ఇవ్వండి’’ అనేవారూ చాలామందే ఉంటారు. జేబులోంచి డబ్బు తీసి కాపీ కొనేవారు ఎందరన్నదే ప్రశ్న. ఉచితంగా తీసుకున్న పుస్తకం అల్మారాలోకి పోతుందని, కొన్న పుస్తకం చదువుతారని రచయితల నమ్మకం.

పాఠకుడి దాకా దారి

విజయవాడ ఏలూరు రోడ్డు పుస్తకాల షాపులు, ఏటా కొత్త సంవత్సరం మొదట్లో జరిగే పుస్తక ప్రదర్శన ఈ ప్రాంత రచయితలకు పెద్ద ఆశ. అందుకే దసరా దాటితే ప్రెస్సుల దగ్గర వీరి తిరుగుడు ఎక్కువవుతుంది. ప్రదర్శన నాటికి పుస్తకం రాకపోతే మళ్లీ ఏడాది ఆగాలి.

పోస్టు మీద ఆధారపడినవారికి 2024 డిసెంబరులో దెబ్బ తగిలింది. తక్కువ ఖర్చుతో పుస్తకాలు పంపే రిజిస్టర్డ్ బుక్ పోస్టును తపాలా శాఖ ఎత్తివేసింది. 2025 మే 1 నుంచి జ్ఞాన్ పోస్ట్ పేరుతో మరో ఏర్పాటు వచ్చింది. మొదలైనప్పుడు 300 గ్రాముల దాకా 20 రూపాయలు, 5 కిలోలకు 100 రూపాయలు, పైన పన్ను అని రేట్లు పెట్టారు. పల్లెలో ఉండే పాఠకుడికి ఇప్పటికీ పోస్టుమానే పుస్తకాల షాపు.

మరో దారి గ్రంథాలయం. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటి పన్నుతో పాటు రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను వసూలవుతుంది. అంటే ఊళ్లో ఇంటి పన్ను కట్టే ప్రతి ఒక్కరూ పుస్తకాల కోసం ముందే డబ్బు చెల్లించారన్నమాట. మన జిల్లా మనిషి రాసిన నవల మన శాఖా గ్రంథాలయంలో కావాలని లైబ్రేరియన్‌ను అడిగే హక్కు వారికుంది. అడిగినవారి పేర్లతో ఒక కాగితం జిల్లా గ్రంథాలయ సంస్థకు చేరితే ఆ పుస్తకం గురించి ఆలోచించక తప్పదు.

అమ్మకం సంగతి అలా ఉంచితే, రచయిత ఎదురు చూసేది ఇంకొకటుంది. పుస్తకం వెనుక ఫోను నంబరు, చిరునామా అచ్చు వేయించేది అందుకే. బాగుందని గాని, బాగాలేదని గాని, ఫలానా పేజీలో మాగాణి కౌలు లెక్క తప్పు రాశారని గాని ఒక పాఠకుడు చెబితే చాలు. తిట్టినా ఫరవాలేదు, చదివారని తెలుస్తుంది. పుస్తకం బయటికొచ్చిన నెలకు కూడా ఫోను మోగకపోతేనే రచయిత దిగాలు పడతారు. రెండో నవల కాగితాలు బల్ల సొరుగులోకి వెళ్లిపోయేది అప్పుడే.