పొరుగూరి ప్రయాణం – జాతి జీవనం

ప్రయాణమనగానే కాశీ, రామేశ్వరం, హిమాలయాలు మనకు స్ఫురించడం సహజం. కాని మన ప్రజానీకంలో అత్యధికులు నిత్యం సాగించే ప్రయాణం పొరుగూరి వరకే. సంతకు, ఆసుపత్రికి, కళాశాలకు, పుట్టింటికి, తిరునాళ్ళకు సాగే ఈ రాకపోకలు ఎవరి దృష్టిలోనూ విశేషంగా పడవు. భారతదేశంలో ప్రయాణికులతో నడిచిన తొలి రైలు సైతం ఇట్టి చిన్న ప్రయాణమే చేసినది. 1853 ఏప్రిల్ 16న అది బొంబాయిలోని బోరీబందరు నుండి ఠాణా వరకు, సుమారు 34 కిలోమీటర్లు నడిచినది.

ఈ చిన్న ప్రయాణాల విలువ 2020లో దేశానికి తెలిసివచ్చినది. కోవిడ్ వ్యాధి నివారణకై మార్చి 22న ప్రయాణికుల రైళ్ళన్నింటినీ నిలిపివేయాలని నిర్ణయించారు. మార్చి 25 నుండి దేశమంతటా లాక్‌డౌన్ అమలులోనికి వచ్చి, దఫదఫాలుగా మే 31 వరకు కొనసాగినది. ఆహారధాన్యాలు, బొగ్గు మోసే గూడ్సు రైళ్ళు మాత్రం ఆగలేదు. వస్తువులు కదిలినవి, మనుషులు నిలిచిపోయారు.

ఆంక్షల సడలింపులో ఒక విచిత్ర పరిస్థితి ఏర్పడినది. మే 1న వలస కార్మికులకై తొలి శ్రామిక రైలు తెలంగాణలోని లింగంపల్లి నుండి జార్ఖండ్‌లోని హటియాకు బయలుదేరినది. మే 12 నుండి న్యూఢిల్లీని 15 నగరాలతో కలిపే ప్రత్యేక రైళ్ళు ప్రారంభమైనవి. ఆ నగరాలలో సికింద్రాబాదు ఒకటి. కాని అదే సికింద్రాబాదు నుండి లింగంపల్లికి పోయే ఎం.ఎం.టి.ఎస్. రైలు పట్టాలెక్కడానికి 2021 జూన్ 23 వరకు వేచి ఉండవలసి వచ్చినది. ఢిల్లీ దగ్గరైనది, ఊరి చివరి పేట దూరమైనది.

ఇందుకు కారణం లేకపోలేదు. దూరపు రైలులో ప్రతి ప్రయాణికునికీ ముందుగా సీటు కేటాయించవచ్చు; పేరు, చిరునామా నమోదు చేయవచ్చు; సంఖ్యను అదుపులో ఉంచవచ్చు. ప్యాసింజరు రైలులో ఇది అసాధ్యం. ప్రతి చిన్న స్టేషనులోనూ ఎక్కేవారు, దిగేవారు ఉంటారు. ఎవరు ఎవరి పక్కన కూర్చున్నారో చెప్పగలవారు ఉండరు. అంటువ్యాధి కాలంలో అపాయకరమైన ఈ గుణమే మామూలు రోజులలో ఆ రైలుకు గల గొప్పదనం. ముందస్తు ఏర్పాటు లేకుండా, కొద్దిపాటి డబ్బుతో, ఎవరైనా ఎక్కగల బండి అది.

విశాఖపట్నం నుండి అరకు, కోరాపుట్, జగదల్‌పూర్‌ల మీదుగా కిరండూల్ చేరే ప్యాసింజరు రైలు ఇందుకు చక్కని ఉదాహరణ. ఆంధ్రప్రదేశ్, ఒడిశా, ఛత్తీస్‌గఢ్ రాష్ట్రాలను కలిపే ఆ బండిలో తెలుగు, ఒడియా, హిందీ, గిరిజన భాషలు కలిసి వినవస్తాయి. సమైక్యతను గురించి ఎవరూ ఉపన్యసించకుండానే అక్కడ సమైక్యత సాగిపోతూ ఉంటుంది.

రాష్ట్రాల సరిహద్దులలో నివసించేవారి కష్టం మరింత ఎక్కువ. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల మధ్య ఆర్టీసీ బస్సుల రాకపోకలకు 2020 నవంబరు 2న ఒప్పందం కుదిరే వరకు, ఒకే భాష మాట్లాడే బంధువులు నెలల తరబడి సొంత వాహనాల మీదనో, అద్దె వాహనాల మీదనో ఆధారపడవలసి వచ్చినది. దేశమంతటా స్వేచ్ఛగా సంచరించే హక్కును రాజ్యాంగంలోని 19వ అధికరణం పౌరులకు ప్రసాదించినది. ప్రజాహితం కొరకు దానిపై సమంజసమైన పరిమితులను కూడ అదే అధికరణం అనుమతించినది. అయితే వాహనం లేని పేదవానికి బస్సు, రైలు నడిచినప్పుడే ఆ హక్కు అనుభవంలోనికి వస్తుంది.

రైళ్ళు తిరిగివచ్చిన తరువాత కూడ భారం పూర్తిగా తొలగలేదు. అనేక ప్యాసింజరు రైళ్ళు ప్రత్యేక ఎక్స్‌ప్రెస్‌ల పేరుతో నడిచినవి. దానితో 10 రూపాయల కనీస చార్జీ 30 రూపాయలకు పెరిగినది. పాత చార్జీ పునరుద్ధరణ 2024 ఫిబ్రవరిలో గాని జరగలేదు. దినకూలీకి ఈ 20 రూపాయల తేడా స్వల్పమైనది కాదు.

ఆంక్షలు తొలగిన పిదప ప్రజలు అన్నిటికన్న మిన్నగా కోరుకొన్నది సుదూర విహారం కాదు, ఉదయం వెళ్ళి సాయంత్రానికి ఇల్లు చేరే ప్రయాణం. మరొక విపత్తు సంభవించినప్పుడు ఆంక్షలు అనివార్యం కావచ్చు. అయినప్పటికీ ప్రాణరక్షణకై రూపొందించే ప్రణాళికలలో పొరుగూరి బండికి, దానిని నమ్ముకొన్న రోగికి, కూలివానికి, చిరువ్యాపారికి తగిన స్థానం ఉండాలి. దూరాలను కలిపే రైలుమార్గాలు దేశానికి వెన్నెముక వంటివైతే, ఈ చిన్న ప్రయాణాలు దానిలో ప్రవహించే రక్తం వంటివి.