కెమెరా కదలాలంటే కారణం ఉండాలి

ట్రాక్ పరిచి, ట్రాలీ ఎక్కించి, మనుషులు తోస్తే తప్ప రాని షాటును ఇవాళ కుదుపు లేకుండా కెమెరాను నిలిపే గింబల్ పట్టుకుని ఒక్కరే తీసేస్తున్నారు. చిన్న సినిమాలకు ఇది వరమే. అయితే కదపడం సులువైనకొద్దీ, ఎందుకు కదుపుతున్నామన్న ఆలోచన తగ్గిపోతోంది. ప్రేక్షకుడికి ఏది, ఎప్పుడు, ఎవరి వైపు నుంచి తెలియాలో కెమెరా కదలికే చాలాసార్లు నిర్ణయిస్తుంది. పాన్‌లో కెమెరా ఉన్నచోటే ఉండి, మనం తల తిప్పినట్టు పక్కకు చూస్తుంది. ట్రాలీ మీద తానే చోటు మారి పాత్రను చేరుకుంటుంది. జూమ్‌లో కెమెరా కదలదు, లెన్సు మాత్రమే దృశ్యాన్ని దగ్గరికి లాగుతుంది. ఈ తేడా ఎంత పని చేస్తుందో హిచ్‌కాక్ 'వెర్టిగో' (1958) చూస్తే తెలుస్తుంది. ట్రాలీని ఒక దిశలో, జూమ్‌ను దానికి ఎదురు దిశలో నడిపి, ఎత్తు చూస్తే కథానాయకుడికి కలిగే కళ్లు తిరిగే భయాన్ని ఒక్క మాట లేకుండా మనకు అంటించాడాయన.

కారణమున్న కదలికకు తెలుగులో గట్టి ఉదాహరణ 'శివ' (1989). గారెట్ బ్రౌన్ రూపొందించిన స్టెడీకామ్‌ను ఆపరేటర్ ఒంటికి కట్టుకుంటాడు. అతను పరుగెత్తినా అడుగుల కుదుపు బొమ్మకు అందదు. రామ్‌గోపాల్ వర్మ, ఛాయాగ్రాహకుడు ఎస్.గోపాల్‌రెడ్డి దాన్ని వాడింది కొత్త పరికరం చూపించడానికి కాదు. మనుషుల వెంటపడే ఆ కెమెరా వల్ల ప్రేక్షకుడు దూరంగా కూర్చుని తెరమీది గొడవ చూసే వీలు లేకుండా పోయింది. పరికరం పాతబడినా ఆ ఉద్రిక్తత పాతబడలేదు.

నేటి ప్రేక్షకుడికి ఓపిక తక్కువ, కెమెరా ఆగితే విసుగొస్తుందని కొందరంటారు. విసుగు పుట్టించేది నిశ్చలత కాదు, దృశ్యంలో పస లేకపోవడం. జపాన్ దర్శకుడు ఓజు తీసిన 'టోక్యో స్టోరీ' (1953)లో కెమెరా దాదాపు కదలదు. అయినా ముసలి తల్లిదండ్రుల ఒంటరితనం గుండెను పట్టేస్తుంది. మరి '1917' (2019) సినిమా మొత్తం ఆగని షాటులా సాగుతుంది కదా అంటే, అక్కడ కబురు మోసుకెళ్తున్న సైనికుడికి ఆగే వీలు లేదు. కథే ఆ కదలికను కోరింది. సాంకేతిక పదాలు తెలియని ప్రేక్షకుడికి ఇవన్నీ పట్టవన్న వాదనా నిలవదు. పేరు తెలియకపోయినా ఉత్కంఠ ఎక్కడ పెరిగిందో, ఎక్కడ చెదిరిందో అతనికి తెలుస్తూనే ఉంటుంది.

లఘుచిత్రాలు తీస్తున్న యువతకు ఒక్క మాట. షాట్ డివిజన్ రాసుకునేటప్పుడు ప్రతి కదలిక పక్కన దాని కారణం రాయండి. కారణం దొరకని చోట కెమెరాను స్టాండు మీదే ఉంచండి.